మెట్లగోడ మీద గాజుపట్టీ

నర్సు వచ్చేసరికి డిటెక్టివ్ తన ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి ఎదుటి భవనాన్ని తిట్టుకుంటున్నాడు. కిందటేడు దాకా ఆ కిటికీలోంచి ఆకాశం కనబడేది. ఇప్పుడు సిమెంటు స్తంభాలూ, వాటి మీద ఒక క్రేనూ కనబడుతున్నాయి. నగరం నడిబొడ్డును ఎత్తైన భవనాల జోనుగా మారుస్తామని పెద్దలు ప్రకటించిన దగ్గర్నుంచి, ఆ పేటలో ఎవరి వెలుతురు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియడం లేదు. పెద్దలు మాత్రం ఊరి చివర తోటల్లో ఉంటున్నారు.

"మావయ్యా, ఒకావిడ వచ్చింది. బాగా భయపడి ఉంది," అంది మేనకోడలు. లా చదువు మధ్యలో మానేసి మేనమామ దగ్గర అసిస్టెంటుగా చేరిన పిల్ల. ఇంట్లోవాళ్ళ లెక్కలో అది చెడిపోవడం, ఆమె లెక్కలో బాగుపడడం.

"భయమని ఎలా కనిపెట్టావు?"

"మంచినీళ్ళు ఇస్తే తీసుకోలేదు. చేతిసంచీని రెండు చేతులతో పట్టుకుని వదలడం లేదు."

"అది భయం కాదు, సంచిలో ఏదో ఉంది."

"రెండూ కావచ్చుగా?"

డిటెక్టివ్ తలూపాడు. నోరారా మెచ్చుకునే అలవాటు ఆయనకు లేదు. ఆ తలూపుకే ఆ పిల్ల రోజంతా పొంగిపోయేది.

లోపలికి వచ్చినావిడకు అరవై దాటి ఉంటాయి. ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరైన అన్నగారితో కలిసి ఒక పాత మూడంతస్తుల బిల్డింగులో ఉంటోంది.

"ఉంటున్నాను అనకూడదేమో. మొన్న మా అన్నయ్య పోయాడు. మెట్ల మీంచి జారిపడ్డాడని పోలీసులు తేల్చేశారు. నేను నమ్మడం లేదు," అంది.

"మొదట్నుంచీ చెప్పండమ్మా."

"మా వీధిలో ఇళ్ళన్నీ ఒక కంపెనీ కొనేసింది, టవరు కట్టడానికి. మా బిల్డింగు ఒక్కటే మిగిలింది. జోను మారినా సరే, ఓనర్లందరూ సంతకం పెడితేగాని మా జోలికి రాకూడదట. అందరూ పెట్టేశారు. అన్నయ్య ఒక్కడే మొండికేశాడు. నాకు మోకాళ్ళ నొప్పులు, లిఫ్టున్న ఇల్లు వస్తుందంటే నేనూ పెట్టమనే పోరాను. 'నేను పోయాక పెట్టుకోవే' అనేవాడు."

ఆమె సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"కానీ బిల్డింగు ప్రమాదకరమని తేలితే ఎవరి సంతకమూ అక్కర్లేదట, కూల్చేయొచ్చట. మా మెట్లగోడలో ఒక పగులుంది. ఎవరో ఫిర్యాదు చేస్తే మునిసిపల్ ఇంజనీరు వచ్చి, పగులుకి అడ్డంగా ఒక గాజుపట్టీ అతికించి వెళ్ళాడు. రెండు చివర్లా తెల్ల ప్లాస్టరు ముద్దలు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు విరుగుతుందట. నెల్లాళ్ళు విరక్కుండా ఉంటే గోడ గట్టిదే. అన్నయ్య పొద్దున్నే లేచి ముందు దాని మొహం చూసేవాడు."

"నెల ఎప్పటికి అయింది?"

"మొన్నటితో. మర్నాడు ఇంజనీరు వచ్చి చూడాలి. మొన్న సాయంత్రమే మా వీధి చివర మునిసిపల్ హాల్లో జోను గురించి సభ. బిల్డింగంతా అక్కడే ఉంది. అన్నయ్య తన వంతు వచ్చేలోపు లేచాడు. మా వీధి బొమ్మ గీశాడు, అది ఇంట్లో మర్చిపోయాడు, తెస్తానని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. సభ అయ్యాక వెళ్ళి చూస్తే మెట్ల మీద పడి ఉన్నాడు. పైన గాజు రెండు ముక్కలై ఉంది."

"గోడ కదిలింది, ఆయన బెదిరి జారాడు. పోలీసుల మాట అదేగా?"

"అదే. మర్నాడు ఇంజనీరొచ్చి బిల్డింగు ఖాళీ చెయ్యమని రాసేశాడు. బాబూ, నేను పడ్డవాళ్ళని వందలమందిని చూశాను. జారినవాడు చేతులు అడ్డం పెట్టుకుంటాడు. అన్నయ్య వెల్లకిలా పడ్డాడు. అరచేతుల మీద చిన్న గీత కూడా లేదు." ఆమె సంచి తెరిచి ఒక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పోలీసులు తిరిగిచ్చారు. పగులు కిందే, మెట్టు మీద దొరికిందట."

ఒక అద్దం బీటలిచ్చింది. రెండోదాని మీద చిన్న చిన్న తెల్ల చుక్కలు ఎండిపోయి ఉన్నాయి. డిటెక్టివ్ దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఈ మరకలు మొదట్నుంచీ ఉన్నవేనా?"

"అన్నయ్య కళ్ళజోడు మీద మరకా? సభలో నా పక్కన కూర్చుని తుడుస్తూనే ఉన్నాడు. లేచి వెళ్ళేటప్పుడు కూడా తుడుచుకునే వెళ్ళాడు."

"మీకేం కావాలమ్మా? ఇల్లు నిలబడాలా?"

"ఇల్లు ఉండనీ, పోనీ. అన్నయ్యని ఎవరు తోశారో నాకు తెలియాలి. గోడ కదల్లేదని కూడా తెలియాలి. దాన్ని అంత నమ్మాడు, పిచ్చివాడు." ఆమె గొంతు తగ్గింది. "అన్నయ్య వాటా ఇప్పుడు నాకొస్తుంది. నిన్నట్నుంచి అందరూ నన్ను చూసి తెగ ఆప్యాయంగా పలకరిస్తున్నారు. భయమేస్తోంది."

* * *

బిల్డింగు ముందు అడ్డంగా తాడు కట్టి ఉంది. ఇంజనీరూ, కంపెనీ మేనేజరూ అక్కడే ఉన్నారు. మేనేజరుది ఎప్పుడూ నవ్వే మొహం. పలకరించినా నవ్వే, పరామర్శించినా నవ్వే.

"మాస్టారంటే మాకెంతో గౌరవమండీ," అన్నాడు నవ్వుతూ. "టవరు లాబీలో ఆయన బొమ్మలు పెడదామనుకుంటున్నాం."

"బతికుండగా చెప్పారా ఆయనకి?"

"చెప్పాం. తలుపేసుకున్నారు."

"మొన్న సాయంత్రం మీరెక్కడ?"

"వేదిక మీదే. నేనూ, ఇంజనీరుగారూ పక్కపక్కనే. హాలంతా సాక్ష్యం."

మెట్లు ఇరుకుగా ఉన్నాయి. మొదటి మలుపు దగ్గర గోడ మీద పగులు, దాని మీద గాజుపట్టీ కనిపించాయి. గాజు మధ్యలో విరిగి, రెండు ముక్కల మధ్య గోరు పట్టేంత సందు ఏర్పడింది. పగులు లోపల మాత్రం పాత బూజు ఎక్కడా తెగకుండా అల్లుకుని ఉంది. డిటెక్టివ్ వంగి ఆ సందు అంచు మీద వేలు పెట్టి పైనుంచి కిందికి నెమ్మదిగా లాగాడు.

"అయ్యో, వేలు తెగుతుందండీ!" అన్నాడు ఇంజనీరు.

డిటెక్టివ్ వేలు చూసుకుని, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"మీరు చూడ్డానికొచ్చినప్పుడు దీన్ని ముట్టుకున్నారా?"

"ముట్టుకోవడం ఎందుకు? విరిగిందా లేదా అన్నదే రూలు. విరిగింది, రాశాను."

"గాజు ఎక్కడిది?"

"కింద ఫ్రేముల షాపులోదే. ఆ పెద్దాయన డబ్బు కూడా తీసుకోకుండా కోసిచ్చాడు, స్నేహితుడి ఇల్లు కదా అని."

రూలు చూసినవాడు గోడ చూడలేదని మేనకోడలికి ఒళ్ళు మండింది. ఏదో అనబోయింది. మేనమామ కళ్ళతోనే వద్దన్నాడు.

మొదటి అంతస్తులో ఉండే సెక్రటరీ బ్యాంకు గుమాస్తా. ఓనర్ల సంఘం పనులన్నీ తన నెత్తినేసుకున్నానని చెప్పుకోవడం ఆయనకు ఇష్టం. గోడవారగా అప్పుడే అట్టపెట్టెలు కట్టి పెట్టి ఉన్నాయి.

"సభలో మీవాళ్ళెవరైనా మధ్యలో లేచారా?"

"మాస్టారు తప్ప ఎవరూ కదల్లేదండీ. చివరి వరస మొత్తం మాదే, నర్సమ్మా మాస్టారూ మాత్రం ముందు కూర్చున్నారు."

"జనం బాగా వచ్చారా?"

"అడక్కండి! కుర్చీల కోసం కొట్టుకున్నారు. మా కుర్చీ పోకుండా నా సంచి పెట్టి కాపాడేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది."

"పాపం," అన్నాడు డిటెక్టివ్, ఎంతో సానుభూతిగా.

ఫ్రేముల షాపు మెట్లకింద ఉంది. పగలు కూడా లైటు వేసుకోవాల్సిందే. అందరూ బాబాయి అని పిలిచే ముసలాయన మాస్టారి ఫోటోకి చట్రం కడుతున్నాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. బల్ల మీద చెక్క పట్టీలు, మేకులు, చట్రాల మూలలు సరిచేసే తెల్ల ప్లాస్టరు డబ్బా ఉన్నాయి.

"చిన్నప్పట్నుంచీ ఒక్క కంచంలో తిన్నాం బాబూ. వాడు బొమ్మ వేస్తే నేను ఫ్రేము కట్టేవాణ్ణి. ఈ ఫ్రేము కూడా నా చేత్తోనే కట్టాల్సి వచ్చింది."

మాట్లాడుతూనే గాజు కోసే చక్రాన్ని కిరసనాయిలులో ముంచాడు, గాజు మీద స్కేలు పెట్టి ఒక గీత లాగాడు, బల్ల అంచున పెట్టి టక్కున విరిచాడు. పట్టుకుంటానని మేనకోడలు చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు. చూపు ఫోటో మీదే ఉంది, చెయ్యి మాత్రం దానంతటదే సానరాయి తీసి గాజు అంచు నాలుగు వైపులా రుద్దింది. అప్పుడు అందించాడు.

"ఇప్పుడు పట్టుకో తల్లీ. ఈ షాపులో ఇంతవరకూ ఎవరి వేలూ తెగలేదు."

"ఖాళీ చేస్తే షాపు ఎక్కడ పెడతారు?" అని అడిగాడు డిటెక్టివ్.

"ఎక్కడో చోట. దేవుడున్నాడు," అన్నాడు బాబాయి. ఆ సంగతి ఎత్తగానే ఏడుపు కాస్త ఆగింది.

బయటికొచ్చాక మేనకోడలు ఉండబట్టలేక అడిగింది. "మావయ్యా, మేనేజరే ఎవరితోనో చేయించి ఉంటాడు కదూ? ఆ నవ్వు చూస్తేనే నాకు అనుమానం."

"నవ్వుకి శిక్ష లేదమ్మా. ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చెయ్యి. సాయంత్రం అందర్నీ ఆ మెట్ల దగ్గరికి రమ్మందాం. ఎలాగూ అందరికీ దారి అదే."

* * *

సాయంత్రం మెట్ల మీద అందరూ కిక్కిరిసి నిలబడ్డారు. సెక్రటరీ, మిగతా ఇళ్ళవాళ్ళు, ఇంజనీరు, మేనేజరు, వాళ్ళ వెనక ఫ్రేముల బాబాయి. నర్సు గోడకి ఆనుకుని నిలబడింది. ఇన్‌స్పెక్టరు ముఖం చూస్తే మర్యాద కోసం వచ్చినట్టుంది.

డిటెక్టివ్ జేబులోంచి ఒక కొత్త గాజుపట్టీ తీశాడు. దాన్ని చేతిరుమాలులో చుట్టి మెట్టు అంచున పెట్టి విరిచాడు.

"ఇంజనీరుగారూ, ఈ విరిగిన అంచు మీద వేలు పెట్టి చూడండి. మెల్లగా."

ఇంజనీరు మెల్లగానే పెట్టాడు. అయినా వేలిమీద సన్నటి ఎర్రగీత లేచింది. చురుక్కుమని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఇప్పుడు గోడ మీద ఉన్నదాన్ని ముట్టుకోండి."

ఇంజనీరు భయపడుతూ రెండో వేలు పెట్టాడు. తర్వాత గట్టిగా రుద్దాడు. వేలు తెగలేదు. ఆయన తెల్లమొహం వేశాడు.

"గోడ కదిలి విరిగిన గాజు కత్తిలా ఉంటుంది. దీని అంచు ఎవరో సానరాయి మీద రుద్దారు. గోడలకు ఆ అలవాటు లేదు. అంటే మీరు అతికించిన పట్టీ ఇది కాదు. అది విరగలేదు. ఎవరో దాన్ని ఊడదీసి, ముందే విరిచి తెచ్చుకున్న రెండు ముక్కల్ని దాని చోట కొత్త ప్లాస్టరుతో అతికించారు. పగులులో బూజు కూడా తెగలేదు, చూడండి. ఈ గోడ వెంట్రుకవాసి కూడా కదల్లేదు."

నర్సు కళ్ళు మూసుకుంది. అన్నయ్య గోడ గట్టిదేనన్నమాట.

"బిల్డింగంతా సభలో ఉన్నప్పుడు ఆ పని జరిగింది. మాస్టారు బొమ్మ కోసం తిరిగొస్తాడని ఆ మనిషి అనుకోలేదు. మరి సభలోంచి ఎవరు లేచారు? ఎవరూ లేవలేదని సెక్రటరీగారన్నారు. కుర్చీ పోకుండా సంచి పెట్టి కాపాడానని కూడా ఆయనే అన్నారు. మనిషి కూర్చున్న కుర్చీలో సంచి ఎవరూ పెట్టరు. అది ఎవరి కుర్చీ, సెక్రటరీగారూ?"

సెక్రటరీ పక్కవాళ్ళ వంక చూశాడు. వాళ్ళు మెట్ల వంక చూశారు.

"ఆయన చెప్పకపోయినా ఫరవాలేదు. గాజు విరవగానే అంచు రుద్దందే చెయ్యి ఊరుకోని మనిషి ఈ బిల్డింగులో ఒక్కరే. ఆ ముక్కలు తన షాపులోనే తయారుచేసుకున్నాడు. దొంగపని చేస్తున్నా, ఎవరి వేలైనా తెగుతుందేమోనని ఆ చెయ్యి జాగ్రత్తపడింది."

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. బాబాయి కొయ్యబారిపోయి నిలబడ్డాడు.

"చిన్నన్నయ్యా?" అంది నర్సు. ఆయన్ని ఆమె చిన్నప్పట్నుంచీ అలాగే పిలిచేది.

"నేను తొయ్యలేదమ్మా," అన్నాడాయన. "వాడు పైకొచ్చేసరికి పాత పట్టీ నా చేతిలో ఉంది. 'నువ్వా?' అన్నాడు. తిట్టినా బాగుండేది. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. విదిలించాను. అంతే. నలభై ఏళ్ళు ఈ మెట్లకింద చీకట్లో బతికానమ్మా. రోడ్డు మీదికి షాపు ఇస్తామన్నారు, ముందంతా అద్దాలు. ఎప్పుడూ వాడి బొమ్మలు, వాడి పేరు, వాడి మాట. నేను చట్రమే. ఒక్కసారి నాక్కావలసింది అడిగితే, వాడు గోడకేసి చూసి, గట్టిదేరా, పద అనేవాడు."

"గాబరాలో జరిగింది కదండీ," అన్నాడు సెక్రటరీ ఇన్‌స్పెక్టరుతో. "కావాలని చేసింది కాదు."

డిటెక్టివ్ కళ్ళజోడు పైకెత్తాడు. ఆ పని ఆయనకు ఇష్టంలేదని మేనకోడలికి ఆయన మొహంలోనే తెలిసిపోయింది.

"మాస్టారు దీన్ని తుడుచుకుని సభలోంచి లేచారు. పడ్డప్పుడు ఇది ఎగిరి ఈ పగులు కింద పడింది. దీని మీద ఉన్నవి తడి ప్లాస్టరు చుక్కలు. పైనుంచి రాలాయి. ఇది కింద పడ్డాకే రాలాయి. అంటే మాస్టారు పడిపోయిన తర్వాత కూడా ఎవరో ఇక్కడే నిలబడి గాజు అతికించారు."

నర్సు గోడ వదిలి ఒక మెట్టు దిగింది.

"అప్పటికి పోయాడా?"

బాబాయి చూపు గోడ మీది గాజు వైపు మళ్ళింది.

"ముప్పై ఏళ్ళు నర్సుగా చేశాను. నాతో అబద్ధం చెప్పకు. అప్పటికి పోయాడా?"

"లేదు," అన్నాడాయన. "పిలిచాడు. ఒరేయ్ అని పిలిచాడు."

"మరి?"

"ఇంకో ముక్క అతికించాల్సి ఉంది. సభ అయిపోయే వేళయింది."

నర్సు ఆయన్ని కొట్టలేదు, తిట్టలేదు. వీధి చివర హాలుంది, హాల్లో తనుంది. ఒక్క కేక చాలు, పరుగెత్తుకొచ్చేది. ఎంతోమంది ముక్కూమొహం తెలియని వాళ్ళని బతికించిన చేతులు అప్పుడు ఒళ్ళో ముడుచుకుని, ఎవరో నాయకుడి ఉపన్యాసం వింటున్నాయి. ఆ మాట ఆమె పైకి అనలేదు గాని, అక్కడున్న వాళ్ళలో మేనకోడలికైనా అది అర్థమైంది. ఆ పిల్లకు ఏడుపొచ్చింది, ఏడ్చేసింది.

ఇన్‌స్పెక్టరు బాబాయిని తీసుకెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఆ ముసలాయన మెట్టు మీద పడి ఉన్న కొత్త గాజుముక్కల్ని చూసి, "జాగ్రత్త, పిల్లలు తిరిగే చోటు," అన్నాడు. అది నిజమైన జాగ్రత్తే. అందుకే వినడానికి అంత అసహ్యంగా ఉంది.

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. రిపోర్టు వెనక్కి తీసుకుంటానని, బిల్డింగు గట్టిదని రేపే రాసిస్తానని చెప్పాడు. ఎవరూ సంతోషించలేదు. సెక్రటరీ మొహం అయితే ఇంట్లో శవం లేచినట్టే అయింది.

"అయితే కంపెనీ వాళ్ళ ఒప్పందం?" అని అడిగాడు.

మేనేజరు అప్పుడు కూడా నవ్వాడు. "చాలా విచారకరం. మేం మాత్రం ఎవర్నీ ఏమీ చెయ్యమనలేదు, షాపు ఇస్తామన్నాం, అంతే. పాత పద్ధతే ఉంటుందండీ. అందరూ ఒప్పుకుంటే సరి. ఒక్క సంతకమేగా మిగిలింది." నర్సు వైపు చూసి నమస్కారం పెట్టాడు.

సెక్రటరీ రెండు మెట్లెక్కి ఆమె దగ్గరికొచ్చాడు. మిగతావాళ్ళు ఆయన వెనక చేరారు.

"నర్సమ్మా, జరిగింది ఘోరం. కాదనను. కానీ మీరు మాత్రం ఈ మెట్లు చూస్తూ ఎలా ఉంటారు? మీ మోకాళ్ళు కూడా బాగాలేవు. మంచి ఇల్లు వస్తుంది, లిఫ్టుంటుంది. పోయినాయన ఎలాగూ తిరిగిరాడు."

"మీ అందరికీ తెలుసా?" అంది నర్సు.

"ఏమిటి?"

"ఆయన కుర్చీ ఖాళీగా ఉందని మీ వరసలో అందరికీ తెలుసా?"

వెనకనుంచి ఒకావిడ, "గాజు సంగతి వరకే అనుకున్నామమ్మా. ప్రాణం పోతుందని ఎవరనుకున్నారు?" అంది. మొగుడు ఆమెను మోచేత్తో పొడిచాడు. అప్పటికే ఆలస్యమైంది.

"పోలీసులు అడిగినప్పుడు ఎవరూ చెప్పలేదు," అంది నర్సు.

ఆమె కొంచెంసేపు వాళ్ళందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు చాలా మామూలుగా ఉంది.

"నిజం తెలిసిపోతే సంతకం పెట్టేసి వెళ్ళిపోదామనుకునే మీ దగ్గరికొచ్చాను," అంది డిటెక్టివ్‌తో. "అన్నయ్య లేని ఇల్లు నాకెందుకని." తర్వాత వాళ్ళవైపు తిరిగింది. "ఇప్పుడు పెట్టను. నా కట్టె కాలేదాకా పెట్టను. అన్నయ్య ఈ ఇంటిని ప్రేమకొద్దీ నిలబెట్టాలనుకున్నాడు. నాకు ప్రేమా లేదు, ఏమీ లేదు. గోడ గట్టిది, ఇంజనీరుగారే రాసిస్తారు. ఉండండి. అందరూ ఇక్కడే ఉండండి. పొద్దున్న లేచి ఈ మెట్లే దిగండి, సాయంత్రం ఈ మెట్లే ఎక్కండి. ఆయన పిలిచిన చోటే మీ పిల్లల్ని ఎత్తుకుని నడవండి."

"అన్యాయమమ్మా! నీ ఒక్కదాని పంతానికి మేమందరం..." అన్నాడు సెక్రటరీ. మాట మధ్యలో ఆగిపోయింది. నెల్లాళ్ళుగా మాస్టారిని ఆయన అన్నది కూడా ఈ మాటే.

ఆమె రైలింగు పట్టుకుని, మోకాళ్ళు సహకరించకపోయినా ఒక్కొక్క మెట్టే ఎక్కి తన ఇంట్లోకి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు. బార్లా తీసి పెట్టి, మెట్లవైపు మొహం పెట్టి కూర్చుంది. పైఅంతస్తులవాళ్ళు ఇళ్ళకు పోవాలంటే ఆమె ముందునుంచే పోవాలి. కింది ఇళ్ళవాళ్ళు ఆ మలుపు దాటినా చాలు, ఆమె కళ్ళలో పడతారు.

డిటెక్టివ్, మేనకోడలూ వీధిలోకి వచ్చేసరికి దీపాలు వెలుగుతున్నాయి. కొంతదూరం నడిచాక ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది. బిల్డింగువాళ్ళంతా ఇంకా గుమ్మం ముందు రోడ్డు మీదే నిలబడి ఉన్నారు. నువ్వు ముందు పద అంటే నువ్వు పద అనుకుంటున్నారు. ఎవరూ మెట్లెక్కడం లేదు.